ఇద్దరి నడుమ పొర

నీళ్ళు తాగి కూర్చోమన్నారు. చల్లటి నీళ్ళు తాగితే లోపల బిడ్డ కదులుతుందట, కదిలితే స్కాన్ తీసే మేడం చూడటానికి సులువట. ఇక్కడ పనిచేసే హబీబా ఫ్రిజ్‌లోంచి సీసా తెచ్చి నా చేతిలో పెట్టి, "తాగమ్మా, మొత్తం తాగు, బిడ్డ కదలాల" అంది. బిడ్డ అంది. నిన్న మధ్యాహ్నం దాకా అందరూ పిల్లలు అనేవాళ్ళు, పిల్లలు బాగుండారా, పిల్లలు తంతాండారా అని. ఈ ఒక్క రాత్రిలో ఎవరూ ఎవరికీ చెప్పకుండానే అందరి నోటా బిడ్డ అయిపోయింది. సీసా చుట్టూ పట్టిన చెమట నా చీర కుచ్చిళ్ళ మీద కారుతోంది. బెళుగుప్పలో మా ఇంటికి నీళ్ళు రోజు మార్చి రోజు వస్తాయి, అవీ ఉప్పునీళ్ళు, వచ్చిన నీళ్ళను బిందెల్లో ఎక్కడ పట్టాలి, ఏ బిందె దేనికి అని లెక్క పెట్టుకునే ఇంటిదాన్ని. దాహం లేకుండా నీళ్ళు తాగడం నాకు అలవాటు లేదు. గుక్క గుక్కగా మింగుతున్నాను. ప్రతి గుక్కా గొంతు దిగి, ఛాతీ దిగి, కడుపు దగ్గరకొచ్చి ఎటు పోవాలో తెలియక ఆగినట్టుంది. కుడివైపుకు పో అని చెప్పాలనిపిస్తుంది. అలా అనుకోగానే ఎడమవైపు చెయ్యి వేసి పట్టుకుంటాను, ఎడమవైపు విన్నదేమో అని.

ఎదురు గోడకు బోర్డు ఉంది. పుట్టబోయే బిడ్డ ఆడా మగా అన్నది ఇక్కడ చెప్పబడదు, అడుగుట, చెప్పుట రెండునూ నేరము అని నీలం మీద తెల్లటి అక్షరాలు. కింద ఒక పాప బొమ్మ, ఆ బొమ్మకు ఎవరో పెన్నుతో బొట్టు పెట్టారు. పొద్దున వచ్చినప్పటి నుంచి ఎన్నిసార్లు చదివానో. అచ్చులో ఏది కనబడినా చదవడం, చదివింది మనసులోనే దిద్దడం నా వృత్తి దోషం. ఇప్పుడు దిద్దే ఓపిక లేదు, ఊరికే చదువుతున్నాను. నా పక్కన కూర్చున్న గార్లదిన్నె ఆమె ఫోన్‌లో వాళ్ళ అమ్మతో మాట్లాడుతోంది. "పప్పులోకి ఉప్పు ఎయ్యలేదు మా, నేను మర్సిపోయిన, నాయనకు చెప్పు" అంటోంది. ఉప్పు గురించి మాట్లాడే మనుషులు ఇంకా ఉన్నారు. రాజేంద్ర మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. కూర్చోమంటే కూర్చోడు. మా ఆయన పొలంలో కూడా అంతే, మోటరు వేసి నీళ్ళు చివరి చెట్టుకు చేరేదాకా కాళ్ళ మీదనే ఉంటాడు.

నిన్న మేం మామూలుగా చూపించుకునే ఆసుపత్రిలో డాక్టరు గారు ముందు కుడివైపు చూశారు. టకటకటక అని గుర్రం పరుగెత్తినట్టు చప్పుడు గదంతా నిండింది. రాజేంద్ర నవ్వాడు. తర్వాత ఎడమవైపు పెట్టారు. కాసేపు వెతికారు. ఇంకాసేపు. ఆయన నోరు విప్పబోయి ఆగారు. క్లాసులో పిల్లలు జవాబు మధ్యలో ఆగితే నేను తొందర పెట్టను, వాళ్ళకు మాట దొరికేదాకా ఆగుతాను, అట్లాగే ఆయన కోసం ఆగాను. ఆయనకు మాట దొరకలేదు. చెయ్యి చాపి చప్పుడు వచ్చే మీట ఆపేశారు. అంతే నాకు అర్థమైంది. చప్పుడు లేని చోట చప్పుడు మీట ఆపడం ఎందుకని అనుకున్నాను, అంత సేపట్లో అదొక్కటే అనుకున్నాను. రాజేంద్ర మాత్రం, "మిషన్‌లో ఏమన్నా ఉండాదేమో సార్, ఇంగోసారి చూడండి" అన్నాడు. ఆయన ఇంకోసారి చూశారు, మా ఆయన కోసం. మిషన్‌లో ఏమీ లేదు.

మొన్న ఆదివారమే కదా ఎడమవైపు చిన్నగా చేప తోక కొట్టినట్టు కొట్టింది. ఆదివారమేనా, శనివారమా? శనివారం బడి ఉంది, తొమ్మిదో తరగతిలో బోర్డు మీద ఆకు అడ్డుకోత బొమ్మ గీస్తున్నాను, సుద్దముక్క విరిగింది, అప్పుడే. చెయ్యి కడుపు మీదకు పోబోతే పిల్లలు చూస్తారని బోర్డు తుడిచే గుడ్డ పట్టుకున్నాను. అదే ఆఖరిదని తెలిసి ఉంటే. తెలిసి ఉంటే ఏం చేసేదాన్ని, చెయ్యి పెట్టుకునేదాన్ని, అంతకంటే ఏముంది. కవలలని తెలిసినప్పుడు మా అత్త ఓబులమ్మ మొదట అడిగింది, "జంట అరిటిపండు తిన్నావా ఏమే?" అని. తినలేదత్తా అంటే నమ్మలేదు. "బడికాడ తినింటావు, టీచర్లు కొనుక్కొస్తే. యాడో తినింటావు" అని నవ్వి, ఆ సాయంత్రమే ట్రంకుపెట్టె దించి పాత బట్టలు ముందేసుకుంది. బొంతలు రెండు కుట్టాలి కదా. ఒకటి తన పెండ్లినాటి ధర్మవరం పట్టుచీర, అంచు చిరిగి పక్కన పెట్టింది. ఇంకొకటి మామ పంచె, ఆయన పోయినాక ఎవరికీ ఇవ్వకుండా దాచుకుంది. "ఒగటి నాది, ఒగటి ఆయప్పది. ఎవురికి ఏది వస్తే అది." ఆవిడ వీధిగడప మీద కూర్చుని కుడుతుంటే ఊరి బయట గాలిమరలు తిరిగే చప్పుడు, సూది దిగే చప్పుడు, ఆ రెండే. నిన్న రాత్రి ఇంటికి పోయేసరికి బొంతలు రెండూ మంచం కింద ఉన్నాయి. కనబడకుండా పెట్టింది. పట్టు అంచు మాత్రం కొంచెం బయటికి వచ్చి ఉంది.

పొద్దున హేమావతి మేడం ఒకసారి చూశారు. ఈ మిషన్ పెద్దది, ఈమె ఇట్లాంటివే చూస్తారట. చాలాసేపు చూసి, నా కడుపు మీది జిగురు తనే తుడిచి, మా ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పారు. కుడివైపు బిడ్డ గుండె బాగుంది. కానీ ఇద్దరిదీ ఒకే మాయనా, ఎవరి మాయ వారిదా అన్నది తెలియాలి. పుస్తకంలో జరాయువు అని ఉంటుంది, నేను ఏటా చెప్పే పాఠమే, తల్లి రక్తంలోని ఆహారం బిడ్డకు చేర్చేది, రెండు మార్కుల ప్రశ్న. వేరువేరు మాయలైతే ఎడమవైపు జరిగింది ఎడమవైపే ఆగిపోతుంది, కుడివైపు బిడ్డ తన మానాన తాను పెరుగుతుంది. ఒకే మాయను ఇద్దరూ పంచుకుంటూ ఉంటే లోపల ఇద్దరి రక్తనాళాలూ కలిసి ఉంటాయి. ఒకరి గుండె ఆగితే ఇంకొకరి రక్తం అటువైపు పారిపోతుంది. అప్పుడు ఈ బిడ్డ కూడా... మేడం అక్కడ ఆగి, "ఈ బిడ్డకూ ప్రమాదమే. ప్రాణానికి, ల్యాకపోతే మెదడుకు" అన్నారు. నేను పాఠం విన్నట్టు విన్నాను. రాజేంద్ర నేల చూస్తూ, "అంటే మా అన్న పక్క పైపు పగిలినట్ల, మేడం?" అన్నాడు.

ఆమెకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. మా బావ గంగాధరప్పకూ మా ఆయనకూ ఒకటే బోరు. నీళ్ళు రెండు పైపులుగా చీలి రెండు చీనీ బత్తాయి తోటలకు పోతాయి. మేం కొత్తగా కాపురం పెట్టిన ఏడాది బావ పక్క పైపు ఎక్కడో మట్టిలోపల పగిలింది. ఎవరూ చూడలేదు. మోటరు తిరుగుతూనే ఉంది, నీళ్ళన్నీ ఆ పగులు వెతుక్కుంటూ పోయాయి, మా పక్క చెట్లు ఆకు ముడుచుకున్నాయి. ఎండకేమో అనుకున్నాం. పగులు తెలిసేసరికి మొదటి వరస చెట్లు పోయాయి. పక్క చేను సుంకప్పది, వాళ్ళ బోరు వాళ్ళదే, మా రెండు తోటలు ఏమైనా వాళ్ళ చెట్లు పచ్చగానే ఉన్నాయి. రాజేంద్ర ఇదంతా మేడంకు చేతులతో చూపించి చెప్పాడు, వేళ్ళు చీల్చి, కలిపి. ఆమె చివరిదాకా విన్నారు. "అట్లే అనుకోప్పా. మీది ఒక బోరా, రెండు బోర్లా అని నేను చూడాల" అన్నారు. ఆ మాటకు మా ఆయన ముఖంలో ఎంత కృతజ్ఞత. తనకు తెలిసిన లోకంలోకి తీసుకొచ్చి చెప్పినందుకు.

"పన్నెండో వారంలో తీసిన స్కాన్ ఉందా?" అని అడిగారు. లేదన్నాను. కవలలని చెప్పిన మొదటి స్కాన్ కాగితంలో ఇద్దరున్నారని తప్ప ఇంకేమీ రాయలేదు. పన్నెండో వారంలో అయితే స్పష్టంగా తెలిసేదట. ఇద్దరి నడుమ ఒక పొర ఉంటుంది. మాయలు రెండైతే ఆ పొర మాయను తాకే చోట మందంగా, చేనుకూ చేనుకూ మధ్య మట్టిగట్టు, మా గెనిమె, లేచినట్టు లేచి కనిపిస్తుంది. మాయ ఒకటే అయితే గెనిమె ఉండదు, సన్నటి దారం నిలబెట్టినట్టు నేరుగా వచ్చి తగులుతుంది. ఈ నెలలకు వచ్చేసరికి ఆ గెనిమె అణిగిపోతుంది, పొర పలచబడుతుంది, ఏదీ గట్టిగా చెప్పలేం అన్నారు. "అప్పుడు ఎందుకు రాలేదు?" ఆ అడగడంలో కోపం లేదు, అందుకే జవాబు చెప్పడం కష్టమైంది. దేవర అన్నాను. ఈ జిల్లా ఆమె కాబట్టి ఇంకేమీ అడగలేదు.

పదకొండేళ్ళకు వచ్చింది సుంకులమ్మ దేవర, మా ఊరి జాతర. ఒకసారి తప్పెట కొట్టి ఊళ్ళో చాటింపు వేశాక దేవర ముగిసేదాకా పొలిమేర దాటకూడదు, కడుపుతో ఉన్నవాళ్ళు అసలే దాటకూడదు. స్కాన్‌కు రమ్మన్న తేదీ సరిగ్గా ఆ రోజుల్లో పడింది. పోతానంటే కాళ్ళకు అడ్డం పడేవాళ్ళు ఎవరూ లేరు. అత్త ఒక్క మాటే అంది, "నువ్వు సదువుకున్నదానివి, నీకు నేను చెప్పేదేముండాది. ఆయమ్మకు మాత్రం రెండు పానాలు అప్పజెప్పినా" అని. తర్వాత పోదాంలే అనుకున్నాం. తర్వాత బడి తెరిచారు. బడిలో గర్భాశయం బొమ్మ గీసి రంగు సుద్దలతో భాగాలు చూపించే నేను, ఆ తొమ్మిది రోజులు తడిపిన పసుపుచీరతో, నెత్తిన వేపమండల కుండతో నడిచాను, ఇందులో ఒకటి నిజం, ఇంకొకటి అబద్ధం అని నాకు ఏనాడూ అనిపించలేదు. రెండూ నావే. ఎండలో కుండలోని చల్లదనం నెత్తి మీంచి కారుతుంటే లోపల ఇద్దరూ కూడా చల్లగా ఉండి ఉంటారని అనుకున్నాను. ఇద్దరూ ఉన్నారప్పుడు. ఆ గెనిమె కూడా అప్పుడు ఉండే ఉంటుంది, అది కళ్ళకు కనిపించే రోజులవి, చూసే మనిషి లేదు, అంతే. అత్తను ఏమీ అనను. నిన్న రాత్రి ఆవిడ దేవుని మూలన దీపం పెట్టలేదు. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి ఆ మూల చీకటిగా ఉండగా నేను చూడలేదు. నేను లేచి పెట్టాను.

కదిలింది. కుడివైపు. చల్లటి నీళ్ళు తగిలినట్టున్నాయి, మోచెయ్యో మోకాలో బయటికి తోసింది. హబీబా అటు పోతూ నా ముఖం చూసి, "కదిలిందా? సూసినావా, నేను చెప్పలా? మా షమాకు కూడా ఇట్లే, ఐసు నీళ్ళు పడితే గంతులే" అంది. షమా ఎవరో నాకు తెలియదు, కూతురు కావచ్చు. నేను నవ్వానట, "ఆఁ, అట్ల ఉండు" అని భుజం తట్టి పోయింది. నవ్వాను కాబోలు. ఒకే కడుపులో ఒకవైపు నవ్వు, ఒకవైపు... ఆ రెండో మాట నాకు ఇంకా రావడం లేదు. పోయిన ఏడాది పదో తరగతిలో కవలల పాఠం చెప్పినప్పుడు బోర్డు మీద రెండు బొమ్మలు గీశాను. ఒకటే అండం రెండుగా చీలితే పుట్టేవాళ్ళు ఒకే పోలిక, ఇద్దరూ ఆడపిల్లలో ఇద్దరూ మగపిల్లలో అవుతారు, వాళ్ళే చాలాసార్లు ఒకే మాయను పంచుకుంటారు. రెండు అండాలైతే మాయలూ రెండు. జ్యోతిలక్ష్మి అనే పిల్ల లేచి, "ఒగరు ఆడ, ఒగరు మొగ అయితే టీచర్?" అంది. అప్పుడిక అనుమానమే లేదు, అండాలు రెండు, మాయలు రెండు అన్నాను. వెనక బెంచీ నుంచి ఎవరో, "మా మేకకు ప్రతి తూరీ కవలలే టీచర్, దానికి ఎవురూ స్కాన్ తియ్యల్యా" అన్నారు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. సుద్దపొడి చేతుల్తో నవ్వి, ఆ రెండు బొమ్మలూ ఒకేసారి తుడిచేశాను.

"పద్మజా, రామ్మా" అని పిలిచారు. లేచాను. రాజేంద్రను బయటే ఉండమన్నారు. గదిలో చీకటి, ఏసీ చలి, లోపల కూడా అదే బోర్డు, ఇక్కడిది చిన్నది, మిషన్ వెలుగులో సగం కనబడుతోంది. జిగురు చల్లగా తగిలింది. మేడం ముందు కుడివైపు చూశారు, గుర్రం పరుగు వినిపించారు, తలలో రక్తం పారే తీరు చూసి "బాగుంది" అన్నారు. తర్వాత నడుమ చూశారు, పొర కోసం అయి ఉంటుంది. నొక్కి, వంచి, నన్ను ఒక పక్కకు తిరగమని, మళ్ళీ వెల్లకిలా పడుకోమని. పొద్దున ఆపిన చోటే ఆగి నిట్టూర్చారు. అప్పుడు ఎడమవైపుకు వచ్చారు. అక్కడ చాలాసేపు ఉన్నారు. అక్కడేముంది చూడటానికి అని అడగాలనుకున్నాను, కానీ ఎవరో ఒకరు అక్కడ అంత సేపు ఉండటం నాకు బాగుంది, నిన్నటి నుంచి అటు ఎవరూ చూడలేదు, అందరూ కుడివైపే అడుగుతున్నారు. తలదగ్గర నుంచి కిందికి, మెల్లగా, నిద్రపోయే పిల్లల మీద దుప్పటి సర్దినట్టు ఆమె చెయ్యి జరిగింది. ఆగింది. మళ్ళీ కుడివైపుకు పోయింది, ఈసారి గుండె దగ్గరకు కాదు, ఇంకా కిందికి. ఆగింది. మళ్ళీ ఎడమ. మళ్ళీ కుడి. తెర నా వైపు తిప్పి లేదు. ఆమె ముఖం మీద ఆ తెర వెలుగు మాత్రం నాకు కనిపిస్తోంది, ఆ ముఖం ఒక్కసారిగా వదులైంది.

"రెండు మాయలు, టీచరమ్మా" అన్నారు. "వేరువేరు. అనుమానం లేదు."

నేను పైకప్పు చూస్తున్నాను. నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. ఏడుపు అనలేను, పడుకున్నప్పుడు కళ్ళు అలా కారతాయి. "పొర ఇప్పుడు కనిపించిందా మేడం?" అన్నాను. పాఠం చెప్పేవాళ్ళకు ఉండే పాడు అలవాటు, జవాబు దొరికినా ఎట్లా వచ్చిందో చూపించమంటాం. ఆమె నా కడుపు మీద తిప్పిన పిడిని గుడ్డతో తుడిచారు. తుడిచిందే తుడిచారు. "పొర సరిగ్గా కనిపించల్యా" అన్నారు. మరి అన్నాను. "తెలిసింది. గట్టిగా తెలిసింది. ఎట్ల తెలిసిందో నన్ను అడగద్దమ్మా." ఆ మాట అంటూ ఆమె నన్ను చూడలేదు, ఎటూ చూడలేదు. నా కళ్ళే గోడ మీదికి పోయాయి. అడుగుట, చెప్పుట రెండునూ నేరము.

ఒకరు ఆడ, ఒకరు మగ.

ఇంకేమీ అడగలేదు. ఎవరు ఏ వైపో ఆమె కూడా చెప్పలేదు. చెప్పాల్సింది చెప్పారు. కుడివైపు బిడ్డ తన బోరు నీళ్ళు తాను తాగుతూ పెరుగుతుంది, నేను జాగ్రత్తగా ఉండాలి, రెండు వారాలకోసారి రావాలి. ఎడమవైపు బిడ్డను ఇప్పుడు తియ్యరు. లోపలే ఉంటుంది. చుట్టూ నీళ్ళు ఇంకిపోతాయి, చిన్నదై ఒక పక్కకు ఒదుగుతుంది. "కాన్పులో ఇద్దరూ వస్తారు" అన్నారు. ఇద్దరూ అన్నారు. ఆ మాటకు ఆమె చెయ్యి పట్టుకున్నాను. పొద్దున నుంచి ఎవరి చెయ్యీ పట్టుకోలేదు.

బయటికొచ్చి రాజేంద్రతో, "రెండు బోర్లంట" అన్నాను. అంతకంటే మంచిగా చెప్పే మాట నా దగ్గర లేదు. అతడు అప్పుడు కూర్చున్నాడు, మెట్టు మీద. తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. పక్కనామె ఫోన్ ఆపి మమ్మల్ని చూసింది. మిగతాది అతనికి ఎట్లా చెప్పను? చెప్తే మొదట అడిగేది, ఎవరు పోయినారు అనే. అది నాకూ తెలియదు. నా కడుపులో ఒక కూతురు ఉంది, ఒక కొడుకు ఉన్నాడు, అంత మటుకు ఇప్పుడు తెలుసు. కూతురు తంతోందా, కొడుకు తంతున్నాడా తెలియదు. ఎవరి కోసం ఏడవాలో తెలియకుండా ఇద్దరి కోసమూ ఏడవాలి, ఎవరి కోసం అన్నం తినాలో తెలియకుండా ఇద్దరి కోసమూ తినాలి. కాన్పు రోజు నర్సమ్మ బిడ్డను ఎత్తి చూపించి ఏ మాట అంటుందో, ఆ మాటతోనే రెండో బిడ్డ ఎవరో కూడా నాకు తెలుస్తుంది. ఆ రోజు మా ఇంట్లో అందరూ సంతోషపడతారు. ఆ రోజే నేను రెండో బిడ్డను మొదటిసారి పేరు పెట్టి పోగొట్టుకుంటాను.

ఫోన్ మోగింది. అత్త. రాజేంద్ర తువ్వాలు తియ్యకుండానే నాకిచ్చాడు. ఉన్న బిడ్డకు భయం లేదత్తా అన్నాను. అవతల "అమ్మా సుంకులమ్మా" అని సన్నటి గొంతు, తర్వాత ముక్కు చీదిన చప్పుడు, వెనక గాలిమరల చప్పుడు. ఆవిడ వీధిగడప మీద ఉందని తెలుస్తోంది. "పద్మా" అంది చివరికి, భయపడుతూ, నన్ను నొప్పించకూడదని ప్రతి మాటా చేత్తో తడిమి పెడుతూ, "బొంతలు మంచం కిందనే ఉండాయి. నాది కుట్టాల్నా, ఆయప్పది కుట్టాల్నా? ఏది ఆపేది?"

గోడ మీద బోర్డు ఉంది. కుడివైపు మళ్ళీ కదిలింది. ఎడమవైపు నా చెయ్యి ఉంది.

"రెండూ కుట్టత్తా" అన్నాను. "ఇద్దరికీ కావాల."